చలికాలం టైర్లు వేశాక ఆరని పసుపు లైటు

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వాళ్లు ఉండేది మంచు బాగా కురిసే దేశంలో. ఆమెది నైట్ షిఫ్ట్ ఉద్యోగం. రోజూ ముప్పై కిలోమీటర్లు ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లి రావాలి. మొదటి మంచు పడేలోపు ఆమె భర్త చలికాలం టైర్లు ఎక్కించి ఉన్న ఇనుప రిమ్ముల సెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. టైరులో గాలి ఎంత ఉందో చూసి కారుకు చెప్పే సెన్సార్లు వాటిలో లేవు. అవి బిగించిన రోజు నుంచి డాష్‌బోర్డు మీద గుర్రపునాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు లైటు వెలుగుతూనే ఉంది. కారు స్టార్ట్ చేయగానే నిమిషం పైగా మిణుకుతుంది, ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూ ఉండిపోతుంది. పట్టించుకోవద్దని భర్త చెప్పారు. వారం రోజులకు ఆమెకూ అలవాటైపోయింది.

ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ నుంచి వస్తుంటే స్టీరింగ్ కుడివైపుకు లాగడం మొదలుపెట్టింది. రోడ్డు మీద మంచు గడ్డ కట్టింది కదా, అందుకే అనుకుని నెమ్మదిగా ఇంటికి చేరారు. దిగి చూస్తే ముందు కుడి టైరు దాదాపు నేలకు అతుక్కుని ఉంది. షాపులో మేకు ఏదీ దొరకలేదు. రిమ్ము అంచున తుప్పు పట్టి, అక్కడినుంచి గాలి కొద్దికొద్దిగా పోతోందని చెప్పారు. అప్పటినుంచి స్టీరింగ్ పట్టుకుంటేనే భయం. సెన్సార్లు వేయిద్దామంటే భర్త "మన నాన్నలు ఏ సెన్సార్లతో నడిపారు?" అన్నారు. ఈలోగా ఆమె బావగారు ఒక ఉపాయం చెప్పారు. ఎండాకాలం చక్రాల్లోని నాలుగు సెన్సార్లూ తీసి, ఒక ప్లాస్టిక్ పైపులో పెట్టి, గాలి నింపి సీల్ చేసి డిక్కీలో పడేస్తే లైటు ఆరిపోతుందట. ఈ వారాంతం ఆ పని చేయబోతున్నారు. "బావగారికి కార్ల గురించి బాగా తెలుసు. నేను కాదంటే నీకేం తెలుసంటారు. లైటు ఆరిపోతుంది కదా, ఇంకా టెన్షన్ ఎందుకంటున్నారు. నాదే అనవసర భయమా?" అని అడుగుతున్నారు.

జవాబు:

మీది అనవసర భయం కాదమ్మా. చీకట్లో, మంచు రోడ్డు మీద, పక్కన ఎవరూ లేనప్పుడు టైరు దిగిపోయింది. దానికి ముందు ఎన్నో రోజులుగా మీ కళ్లెదుట ఒక లైటు వెలుగుతోంది, దాన్ని చూడవద్దని మీకు చెప్పారు. ఇప్పుడు కారు చెప్పేది నమ్మాలో, మనుషులు చెప్పేది నమ్మాలో తెలియక భయపడటంలో వింతేమీ లేదు.

అయితే ఒక చిక్కు విడదీయాలి. మీ ఇంట్లో మాటలన్నీ సెన్సార్ల చుట్టూ తిరుగుతున్నాయి గానీ, ఆ రోజు మీ టైరు దిగింది సెన్సార్ లేక కాదు, రిమ్ము తుప్పు వల్ల. ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవాలంటే టైరు అంచు రిమ్ముకు ఎక్కడా సందు లేకుండా కరుచుకుని కూర్చోవాలి. అక్కడ తుప్పు పొరలు లేస్తే కంటికి కనిపించని సందుల్లోంచి గాలి రోజూ కాస్త కాస్త పోతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల పాత ఇనుప రిమ్ములకు ఇది తరచుగా వచ్చే జబ్బే. మిగతా మూడు రిమ్ములు కూడా అదే సెట్‌లోవి, అవే ఉప్పు రోడ్ల మీద తిరిగినవి. షాపువాళ్లు ఆ ఒక్కదాన్నే బాగుచేశారా, నాలుగూ చూశారా? మీరు సెన్సార్లు కొన్నా కొనకపోయినా మొదటి పని ఇదే. నాలుగు టైర్లూ విప్పించి, రిమ్ము అంచుల తుప్పు బ్రష్‌తో గీయించి, అంచుకు సీలర్ పూయించి మళ్లీ ఎక్కించాలి. తుప్పు లోపలిదాకా తినేసిన రిమ్ము ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, బాగుచేసి వాడాలని చూడకండి.

ఇక లైటు సంగతి. మిణుకుతుందని, తర్వాత ఆరకుండా వెలుగుతుందని మీరు గమనించి రాయడం చాలా మేలైంది. అమెరికా నిబంధనల ప్రకారం తయారైన కార్లలో ఈ ఒక్క లైటే రెండు కబుర్లు చెబుతుంది. గాలి తగ్గితే మిణకకుండా నేరుగా వెలుగుతుంది. సెన్సార్ల నుంచి సిగ్నల్ రాకపోతే 60 నుంచి 90 సెకన్లు మిణికి, ఆ తర్వాత స్థిరంగా వెలుగుతుంది. మిగతా చోట్ల కూడా చాలా కార్లది ఇదే పద్ధతి. అంటే మీ కారు ఇన్నాళ్లూ "గాలి తగ్గింది" అనలేదు, "నాకేమీ వినిపించడం లేదు" అంటూ వచ్చింది. ఆ స్థితిలో ఉన్న కారు టైరు నిజంగా దిగినా కొత్తగా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి దానికి ఇంకో లైటు లేదు.

సెన్సార్లు లేవు కాబట్టి లైటు వెలగడం సహజమేనని మీవారు అన్నది నిజం. కానీ ఆ మాటకు ఇంకో సగం ఉంది. "కాబట్టి ఇకనుంచి గాలి సంగతి మనమే చూసుకోవాలి" అన్న ఆ సగం మీ ఇంట్లో ఎవరూ అనలేదు. మీకు ప్రమాదం తెచ్చిపెట్టింది ఆ లోటే.

పైపు ఉపాయం విషయంలో మాత్రం నేను మొహమాటపడను. దాన్ని ఆపించండి. ఇప్పుడు లైటు వెలుగుతోంది కాబట్టి కారులో ఏదో లోటు ఉందని కనీసం మీకు తెలుసు. పైపు పెట్టాక సెన్సార్లు ఆ పైపులో గాలి ఎంత ఉందో చూసి కారుకు చెబుతాయి. టైరులోంచి గాలి పోతూ ఉన్నా, నాలుగూ నిండుగా ఉన్నాయని మీ డాష్‌బోర్డు భరోసా ఇస్తుంది. ఆ తెల్లవారుజామున స్టీరింగ్ లాగినప్పుడు మీరు మంచు అనుకున్నారు. ఈసారి లైటు కూడా ఆరి ఉంటే అది మంచేనని మరింత గట్టిగా నమ్ముతారు, ఆగకుండా ఇంకో పది కిలోమీటర్లు వెళ్తారు. పైగా నీళ్ల కోసం చేసిన ప్లాస్టిక్ పైపులో గాలి బిగించి పెట్టడమే మంచిది కాదు. చలికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, పగిలితే ముక్కలు చిమ్ముతాయి. చాలా సెన్సార్లు చక్రం తిరగనప్పుడు బ్యాటరీ ఆదా కోసం నిద్రలోకి వెళ్తాయి కూడా. డిక్కీలో కదలకుండా పడి ఉంటే కొన్ని కార్లలో ఆ లైటు మళ్లీ వెలిగి ఊరుకుంటుంది.

ఇంకో విషయం బావగారికి గుర్తుచేయవచ్చు. ఆ సెన్సార్లు బయటికి తీయాలంటే ఎండాకాలం టైర్లు నాలుగూ రిమ్ముల నుంచి ఊడదీయాలి. తుప్పు గీయించడానికి చలికాలం టైర్లను ఎలాగూ విప్పించాలి. అంత పని చేస్తున్నప్పుడు ఆ సెన్సార్లను పైపులో కాకుండా చలికాలం రిమ్ముల్లోనే పెట్టించవచ్చు కదా! రిమ్ముకు ఆ సెన్సార్ వాల్వు సరిపోతే చాలు. లైటు నిజాయితీగా ఆరుతుంది. దీనికీ ఇబ్బందులున్నాయి. ఏడాదికి రెండుసార్లు సెన్సార్లు ఇటునుంచి అటు మార్చాలి. మార్చిన ప్రతిసారీ రబ్బరు వాషర్లు, వాల్వు పిన్ను కొత్తవి వేయించాలి, బ్యాలెన్సింగ్ చేయించాలి. టైరు ఊడదీసే ఇనుప కడ్డీ తగిలి సెన్సార్ విరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పైగా సెన్సార్‌లో బ్యాటరీని లోపలే సీల్ చేసి ఉంచుతారు, దాన్ని మార్చలేం. సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది. మీ కారు ఏడెనిమిదేళ్లదైతే, ఇంత శ్రమపడి మార్చిన సెన్సార్ వచ్చే ఏడాదే ఆగిపోవచ్చు.

చలికాలం సెట్‌కు విడిగా నాలుగు సెన్సార్లు కొనడం ఇంకో దారి. మొదట ఖర్చు ఎక్కువే. కానీ ఆ తర్వాత సీజన్ మారినప్పుడల్లా చక్రాలు విప్పి బిగించుకోవడమే, టైర్లు ఊడదీసే పని ఉండదు. కొనేముందు రెండు సంగతులు తేల్చుకోండి. ఒకటి, ఫ్రీక్వెన్సీ. ఉత్తర అమెరికా కార్లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, యూరప్ కార్లలో 433 మెగాహెర్ట్జ్ వాడతారు. అది తప్పితే సెన్సార్ ఎంత మంచిదైనా కారుకు వినపడదు. రెండోది, కొత్త సెన్సార్లను కారు ఎలా గుర్తుపడుతుందన్నది. కొన్ని కార్లు కొద్దిసేపు నడిపితే వాటంతట అవే నేర్చుకుంటాయి. కొన్నింటికి మెకానిక్ పరికరం తగిలించి ఒక్కో చక్రం నంబరూ ఎక్కించాలి. మీది రెండో రకమైతే పాత సెన్సార్ల నంబర్లనే కొత్తవాటిలోకి కాపీ చేసివ్వమని అడగండి. అలా చేయగలిగే సెన్సార్లు దొరుకుతాయి. అప్పుడు చక్రాలు మార్చిన సంగతే కారుకు తెలియదు, ప్రతి సీజన్‌కూ షాపు చుట్టూ తిరగనక్కర్లేదు. ఉప్పు రోడ్ల మీద తిరిగే చక్రాల వాల్వులకు ప్లాస్టిక్ మూతలే వేయించండి. సెన్సార్‌కు అల్యూమినియం వాల్వు ఉండి దానికి ఇత్తడి మూత పెడితే, ఉప్పుకు రెండూ కలిసి పట్టేస్తాయి. మూత తిప్పబోతే వాల్వే విరిగి వస్తుంది.

వాల్వు మూత స్థానంలో బిగించుకునే చిన్న సెన్సార్లు కూడా ఉన్నాయి. వాటితోపాటు వచ్చే చిన్న తెర మీద ఒక్కో టైరు గాలి విడివిడిగా కనిపిస్తుంది. ఇంట్లోనే ఐదు నిమిషాల్లో పెట్టుకోవచ్చు, ఖర్చూ తక్కువ. కారు లైటు మాత్రం ఆరదు. ఆ బరువు రబ్బరు వాల్వు చివర వేలాడుతుంది, సరిగా బిగించకపోతే అక్కడినుంచే గాలి పోతుంది. ఈ ఒక్క చలికాలం గట్టెక్కడానికి నాకు అభ్యంతరం లేదు. ఏళ్ల తరబడి ఇలాగే వాడుకోండని మాత్రం చెప్పలేను.

ఇక మీవారి దారి, అంటే సెన్సార్లు లేకుండానే నడపడం. దీన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. అమెరికా నిబంధన ప్రకారం కంపెనీ చెప్పిన గాలి కంటే 25 శాతం తగ్గేదాకా లైటు వెలగనక్కర్లేదు. మీ టైరులో గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) ఉండాలనుకుందాం. 25కు కాస్త అటూ ఇటూగా వచ్చేదాకా కారు నోరు విప్పకపోవచ్చు. అంటే 27 ఉన్న టైరుతో, లైటు ఆరి ఉండగానే, బ్రేకు పట్టు తగ్గిపోయి, టైరు అంచులు అరిగిపోతూ మీరు నెలల తరబడి తిరగవచ్చు. కాబట్టి సెన్సార్లున్నవాళ్లకూ గాలి కొలిచే గేజ్ తప్పదు. మన నాన్నలు సెన్సార్లు లేకుండా నడిపిన మాట నిజమే. బయల్దేరేముందు టైర్ల చుట్టూ తిరిగి చూసుకున్న మాటా నిజమే.

కానీ ఈ వ్యవస్థ షాపులవాళ్లు సొమ్ము చేసుకోవడానికి పుట్టింది కాదని కూడా మీవారికి చెప్పండి. అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లు బోల్తా పడిన ప్రమాదాల్లో వందమందికి పైగా చనిపోయారు. 2000లో ఆ టైర్లను కంపెనీ వెనక్కి పిలిచింది, అదే ఏడాది ట్రెడ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. దాని ఫలితంగానే 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక తప్పనిసరి అయింది. యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఉండాలి. బ్రిటన్‌లో 2012 జనవరి 1 నుంచి రోడ్డెక్కిన కార్లలో ఈ లైటు లోపం చూపిస్తే వార్షిక తనిఖీలో ఫెయిల్ చేస్తారు. మీరుండే చోట తనిఖీ ఉంటే అక్కడి నియమం ఏమిటో ముందే కనుక్కోండి. సెన్సార్లు వద్దనే దారి కొన్నిచోట్ల అక్కడే ఆగిపోతుంది.

ఆ అడ్డంకి లేకపోతే, సెన్సార్లు లేకుండా నడపడానికి అయ్యే ఖర్చు డబ్బు కాదు, క్రమశిక్షణ. ఒక మంచి గేజ్ కారులోనే ఉండాలి. మామూలుగా వారానికోసారి చూస్తే సరిపోతుంది గానీ, మీ రిమ్ముల చరిత్ర చూస్తే మొదటి నెల రెండు మూడు రోజులకోసారి చూడాలి. చూసేటప్పుడు టైరు చల్లగా ఉండాలి, అంటే కారు ఆగి కనీసం మూడు గంటలు గడిచి ఉండాలి. ఉండాల్సిన అంకె డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసి ఉండే పెద్ద అంకె టైరు తట్టుకోగల గరిష్ఠం, దాన్ని చూసి నింపకండి. ఇన్ని చేసినా ఒక లోటు మిగిలిపోతుంది. ఆదివారం గేజ్ పెట్టి చూసినంతమాత్రాన బుధవారం అర్ధరాత్రి దిగిన మేకు తెలియదు. పగటిపూట ఊళ్లో తిరిగేవాళ్లు ఆ లోటుతో సర్దుకుపోవచ్చు. మీరు నడిపే వేళకు, మీ రోడ్డుకు అది చిన్న లోటు కాదని నా అభిప్రాయం.

గేజ్ చూసేవాళ్లను చాలాసార్లు కంగారుపెట్టేది చలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో గాలి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. వెచ్చని షాపులో 20 డిగ్రీల దగ్గర 33 నింపి పంపిస్తారు. రాత్రి బయట మైనస్ 15కు పడితే, ఎక్కడా లీకు లేకపోయినా పొద్దున్నకు 27 చూపిస్తుంది. లీకు ఉన్న టైరు ఒక్కటే తగ్గుతుంది, చలికైతే నాలుగూ దాదాపు సమానంగా తగ్గుతాయి. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. సెన్సార్లు పెట్టించాక కూడా గడ్డకట్టే పొద్దున లైటు వెలిగి, నాలుగు కిలోమీటర్లు వెళ్లాక దానంతటదే ఆరవచ్చు. టైరు వేడెక్కి గాలి వ్యాకోచించడం వల్ల అలా ఆరుతుంది. గాలి మాత్రం తక్కువే, ఆ రోజే నింపించండి. మంచులో పట్టు కోసం గాలి తగ్గించి నడపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇదే లైటుతో ఇబ్బందిపడే మిగతా పాఠకులకు ఒక మాట. అన్ని కార్లలోనూ చక్రం లోపల సెన్సార్ ఉండదు. కొన్ని కార్లు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) బ్రేకుల సెన్సార్ల సాయంతో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూసి గాలి తగ్గిందని పసిగడతాయి. అలాంటి కారుకు చలికాలం టైర్లు వేశాక కొత్తగా కొనాల్సిందేమీ లేదు. గాలి సరిగ్గా నింపి, రీసెట్ చేస్తే చాలు. నాలుగు టైర్లలోనూ ఒకేలా తగ్గితే గుర్తించడం వాటికి కష్టం. మీ కారు ఏ రకమో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఏదైనా కొనేముందు ఆ పేజీ చూడండి.

ఇక మీ ఇంటి విషయం. "నీకేం తెలుసు" అన్న మాటకు మీరు కార్ల గురించి బావగారితో పోటీ పడి జవాబు చెప్పక్కర్లేదు. ఆ రోడ్డు మీద ఆ వేళకు స్టీరింగ్ పట్టుకునేది మీరు. ఆ టైరు దిగినప్పుడు కారులో ఉన్నది మీరు. ఆ సంగతి మీకంటే బాగా ఇంకెవరికీ తెలియదు. మీవారితో ఒంటరిగా ఉన్నప్పుడు, లైటు ఊసెత్తకుండా, ఆ తెల్లవారుజామున మీకు ఎలా అనిపించిందో మొదటినుంచి చెప్పండి. మీ ఉత్తరం చదివితే ఆయనకు అది పూర్తిగా చెప్పినట్టు నాకు అనిపించలేదు. షాపువాళ్లు చెప్పిన కారణం విన్నారు, మీ భయం విన్నారో లేదో. తర్వాత డబ్బు మాట్లాడండి. విడి సెన్సార్లకు ఇప్పుడు వీలుకాదంటే, రిమ్ములు బాగుచేయించి, మూత సెన్సార్లతో ఈ చలికాలం గడిపి, వచ్చే ఏడాది అసలువి కొందామనే ఒప్పందం కూడా తప్పుకాదు. అప్పటిదాకా మీరు డ్యూటీకి బయల్దేరేముందు గేజ్ పెట్టి చూసే పని ఆయన తీసుకుంటే, ఆయన దారీ నిలబడుతుంది, మీకూ ధైర్యంగా ఉంటుంది.

ఈ వారాంతం బావగారు ఎలాగూ వస్తున్నారు కదా. పైపు బదులు ఒక సీసాలో సబ్బు నీళ్లు కలిపి ఇవ్వండి. రిమ్ము, టైరు కలిసే అంచు వెంట చుట్టూ చల్లి, వాల్వు దగ్గర కూడా చల్లి, కాసేపు ఆగి బుడగలు వస్తున్నాయేమో నాలుగు చక్రాలకూ చూడమనండి. పక్కనే నిలబడి మీరూ చూడండి. చక్రాలు విప్పి బిగిస్తే, ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించాలని ఆయనకే గుర్తుచేయండి.